ముందే కుట్టిన కవరు

కిందటి వారం కథ ఆపేటప్పుడు నన్ను నేను మా తోడికోడలి ముందుగదిలో కూర్చోబెట్టి వదిలేశాను. చేతిలో కప్పు, నోట్లో గుక్కెడు టీ. అది లోపలికీ పోదు, బయటికీ రాదు. ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి ఆ గుక్క ఎందుకు ఇరుక్కుందో చెప్పి ముందుకు పోతాను. ముందునించీ ఉన్నవాళ్ళు నాతోపాటు ఇంకోసారి ఉడుక్కోండి, తప్పేం లేదు.

కింద వాటా మాది, పై వాటా మా మరిదిది. నేను కర్టెన్లు కుడతాను. మా ఆయన టీవీల షోరూములో గోడలకి టీవీలు బిగించే మనిషి, షాపులో ఆయన్ని 'గోడమేస్త్రి' అంటారు. ఊళ్ళో ఎవరింటి గోడ గట్టిదో, ఎవరింటి గోడ గుల్లదో ఆయన్ని అడిగితే చెబుతాడు. మా ఇంటి గోడకి మాత్రం క్యాలెండరు వేలాడుతుంది. బల్లమీద ఉన్నది పెళ్ళినాటి లావుపాటి టీవీ. అందులో ఎవరు కనిపించినా ఎడమ చెంప ఆకుపచ్చగా ఉంటుంది. వార్తలు చదివే అమ్మాయికి పాపం ఏ జబ్బూ లేదని మా బుడ్డదానికి నచ్చజెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది.

కొందామండీ అన్నప్పుడల్లా ఆయనది ఒకటే పాట.

"ఆగవోయ్. టీవీ కొనడంలో ఏది కొనాలన్నది పెద్ద సంగతి కాదు, ఎప్పుడు కొనాలన్నదే సంగతి. కొత్త మోడలు దిగిన రోజున పాత మోడలు మొహం చూసేవాడుండడు. మనలాంటి వాళ్ళం ఆ రోజు కొనాలి. తొందరపడేవాళ్ళ పుణ్యమా అని మాకు జీతాలొస్తున్నాయి. నువ్వు కూడా వాళ్ళల్లో చేరతానంటావేంటి?"

ఆ పాటకి రెండో చరణం కూడా ఉంది. షోరూములో గోడకి తగిలించి పొద్దస్తమానం ఆడించే డిస్‌ప్లే పీసుని, కొత్త మోడలు రాగానే స్టాఫుకి సగం ధరకి ఇచ్చేస్తారట. మనకది కావాలని ఈయన మేనేజరు చెవిన వేశాడట. "అది నీదే అనుకో" అన్నాడు. అనుకున్నాను. ఏడాదిపాటు అనుకున్నాను. మధ్యాహ్నం ఆయనకి క్యారేజీ ఇచ్చే వంకతో వెళ్ళి దాన్ని చూసొచ్చేదాన్ని. ఒకరోజు ఎవరూ చూడకుండా నా టేపుతో నిలువూ అడ్డమూ కొలిచాను. ఇంటికొచ్చి, ఒక డాక్టరుగారి కర్టెన్లు కుట్టగా మిగిలిన నీలం గుడ్డతో దానికి కవరు కుట్టాను. అంచుకి తెల్ల గోటు, వెనక వైర్లకి కిటికీ, రిమోటు కన్ను మూసుకుపోకుండా కింద చిన్న గంటు. మడతపెట్టి ట్రంకులో దాచాను.

ఆ తర్వాత ఒకరోజు వెళ్ళేసరికి గోడ బోసిగా ఉంది. "మేనేజరు ఎవరికో ఇచ్చేశాడు. మన టైము రాలేదు" అన్నాడు మా ఆయన. సరిగ్గా ఆ వారమే, టేపు వేసిన పెట్టె ఒకటి మా గుమ్మం ముందునించి మెట్లెక్కి మా మరిది ఇంటికి వెళ్ళింది. తమ్ముడు కొత్త టీవీ కొనుక్కున్నాడని, దగ్గరుండి ఇప్పించాననీ చెప్పి, ఆయనే వెళ్ళి గోడకి బిగించి వచ్చాడు.

అప్పటినించీ నా ఇంట్లో సాయంత్రాలు లేవు. మా బుడ్డది బడి సంచీ విసిరేసి పైకి పరిగెడుతుంది. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. నా గుమ్మానికున్న ఒక్క మెట్టు దిగాలంటే ఆవిడకి నేను చెయ్యందించాలి. పైకి మాత్రం అన్ని మెట్లూ గోడ పట్టుకుని ఒక్కతే ఎక్కుతుంది. నేనూ నా మిషనూ మిగులుతాం. పైనుంచి నవ్వులు వినబడతాయి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. ఆవిడ ఏడుపు నాకిప్పుడు బాగా అర్థమవుతోంది.

ఇక ఆ టీ గుక్క సంగతి. మొన్న నన్ను కూడా పిలిస్తే పోనీ అని పైకెళ్ళాను. టీవీ చక్కగా ఆడుతోంది. ఉన్నట్టుండి తెర భగ్గుమని వెలిగి, కింద ఒక పట్టీ వచ్చింది. ఎన్ని రంగులో, ఎంత స్పష్టతో, కరెంటు ఎంత ఆదానో, తన గొప్పలన్నీ తనే చెప్పుకుని మాయమైంది. మా మరిది గర్వంగా నావైపు చూశాడు. "ఖరీదైన వాటికే వస్తుంది వదినా ఇది" అన్నాడు. ఆ పట్టీని నేను ఏడాదిపాటు చూశాను. షోరూములో రిమోట్లు పట్టుకుని తిరిగే అమ్మాయి నాకు చెప్పింది కూడా. "అది షాపు మోడ్ ఆంటీ. వచ్చేపోయేవాళ్ళకోసం అలా మెరుస్తుంది. అమ్మేటప్పుడు ఇంటి మోడ్‌లోకి మార్చి పంపిస్తాం." మా ఆయన పని గోడ వరకే. మేకు, బ్రాకెట్టు, స్క్రూ. స్విచ్చి వేసి మోడ్‌లు మార్చేది ఆ అమ్మాయి. ఈ టీవీ ఆ అమ్మాయి చేతిమీదుగా రాలేదు.

నా టీవీ. మా తోడికోడలి గోడమీద. అక్కడే గుక్క ఇరుక్కుంది.

మా ఆయన్ని అడగలేదు. అడిగితే ఆ పాటకి మూడో చరణం కడతాడు. అయినా నాకు అడగాల్సిన అవసరం కనిపించలేదు. జరిగింది నా కళ్ళముందు జరిగినట్టే ఉంది. మా తోడికోడలు "బావగారూ, బావగారూ" అని వెంటపడి ఉంటుంది. ఈయన మెత్తని మనిషి. నా నోటికాడి ముద్ద తీసుకెళ్ళి దాని పళ్ళెంలో పెట్టేశాడు. అది ఆ పాత సరుకుని సగం ధరకి కొనుక్కుని, కొత్తదని చెప్పుకుంటూ నా పిల్లనీ నా అత్తగారినీ పైకి లాక్కుంది. ఇలా అనుకున్నాక నాకు కడుపుమంటతోపాటు కాస్త హాయి కూడా కలిగింది. రెండు రోజులు ఆ గుట్టు దాచుకుని, మిషను తొక్కుతూ నాలో నేనే నవ్వుకున్నాను. ఎప్పుడు కొనాలన్నదే కాదు, ఎప్పుడు అనాలన్నది కూడా పెద్ద సంగతే మరి.

ఆదివారం మధ్యాహ్నం ఆ సమయం దానంతటదే మెట్లు దిగి వచ్చింది.

మా తోడికోడలు పళ్ళ డాక్టరమ్మ దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఆ క్లినిక్‌కి వేరే బోర్డు అక్కర్లేదు, ఈ పిల్ల నవ్వితే చాలు. ఆ పళ్ళన్నీ కనబడేలా నా గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఖాళీయేనా?"

"ఖాళీ ఎక్కడిది. హోటలువాళ్ళ కర్టెన్లు రేపటికివ్వాలి."

"చిన్న పనే అక్కా. ఇవాళ మా డాక్టరమ్మ వస్తోంది ఇంటికి. టీవీ మీద దుమ్ము పడుతోంది, తుడిచినకొద్దీ గీతలు. దానికో కవరు కుట్టిపెట్టవా? ఇవాళ కాకపోయినా సరే. నీకెంతసేపు పని."

నీకెంతసేపు పని అట. ఏ గుడ్డ, ఏ గోటు, ఎన్ని సాయంత్రాలు ఆ కవరు మీద కూర్చున్నానో అడుగు. నేను మిషను ఆపాను. నాకు ఒక్కసారిగా చాలా మంచితనం ముంచుకొచ్చింది.

"ఇవాళే ఇస్తాలే. మీ డాక్టరమ్మ ఉండగానే తెస్తాను."

"ఇవాళేనా? కొలతలు తీసుకోవూ మరి?"

"నాకు కంటితో చాలు."

"నీ చెయ్యి బంగారం అక్కా" అని వెళ్ళిపోయింది. వెళుతూ నా ఆకుపచ్చ చెంప టీవీ వైపు ఒక చూపు చూసింది. జాలిగా చూసిందో మామూలుగా చూసిందో నాకు తెలియదు. జాలిగానే చూసిందని తీర్మానించుకున్నాను.

మా ఆయన ఇంట్లో లేడు. షాపుకి కొత్త సరుకు దిగుతోందని పొద్దున్నే వెళ్ళాడు. మా బుడ్డది అప్పటికే పైన ఉంది. అత్తగారు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడింది. నేను ట్రంకు తెరిచి కవరు తీసి, ఇస్త్రీ చేశాను. ఒక్క ముడత ఉండకూడదు.

పైకి వెళ్ళేసరికి డాక్టరమ్మ సోఫాలో మధ్యలో కూర్చుని ఉంది. సన్నటి మనిషి, ఎవరు మాట్లాడినా కళ్ళలోకి కాకుండా పళ్ళవైపు చూస్తుంది. పక్కన మా అత్తగారు, కింద చాపమీద మా బుడ్డది. మా మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని రిమోటు పట్టుకుని నిలబడ్డాడు. అతను కార్డులు అచ్చువేసే ప్రెస్సులో మిషను నడుపుతాడు, ఆదివారం కూడా గోళ్ళ చివర సిరా ఉంటుంది. మా తోడికోడలు బిస్కెట్లు అమర్చుతోంది. కిటికీలకి ఉన్నవి నేను కుట్టిన కర్టెన్లే. వాటిని చూసి ఎవరూ ఏమీ అనలేదు.

నేను తలుపు పక్కన కూర్చున్నాను. కవరు ఒళ్ళో ఉంది. తెరమీద ఏదో అడవి, ఏవో లేళ్ళు. కాసేపటికి, నేను ఎదురుచూస్తున్నట్టే, తెర భగ్గుమంది. పట్టీ వచ్చింది.

"తెలిసిందిలే నాయనా, ఎన్నిసార్లు చెబుతావు" అంది మా అత్తగారు టీవీతో. ఆవిడ దానికి రోజూ ఇలాగే జవాబు చెబుతుందట. మా బుడ్డది పకపకా నవ్వింది.

"ఇదేంటి, ప్రకటనా?" అంది డాక్టరమ్మ.

"కాదండీ" అన్నాడు మా మరిది. "సెట్టులోనే ఉంటుంది. పెద్ద ధరవాటికే వస్తుందండీ ఇది."

"మా ఇంట్లోది ఇంతకంటే పెద్ద ధరే. దానికి రాదే" అంది ఆవిడ.

అంతకంటే మంచి ముహూర్తం నాకు జన్మలో రాదు. లేచాను. "దుమ్ము పడుతోందన్నావుగా, ముందు ఇది చూసుకో" అని కవరు దులిపి, రెండు మూలలూ పట్టుకుని టీవీకి తొడిగాను. లేళ్ళు, అడవి అన్నీ నీలం గుడ్డ కిందికి పోయాయి. మూలలు మూలలకి కూర్చున్నాయి. వెనక వైర్లు కిటికీలోంచి వచ్చాయి. రిమోటు కన్ను సరిగ్గా గంటులోంచి ఎర్రగా చూసింది.

డాక్టరమ్మ ముందుకి వంగింది. "అచ్చు పోసినట్టుంది. ఇవాళ చెబితే ఇవాళే కుట్టారా? కొలవకుండానా?"

"కొలిచానండీ" అన్నాను. "నిరుడు కొలిచాను."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే పని నేను సంతోషంగా మీద వేసుకున్నాను.

"ఈ టీవీ మీ అందరికంటే ముందు నాకు తెలుసు. మా షోరూములో ఎడమవైపు గోడమీద, ఏసీ పక్కన ఉండేది. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నించి దించేదాకా ఏడాదిపాటు ఆడింది. ఇది డిస్‌ప్లే పీసు. నాకోసం ఆయన మాట తీసుకున్న పీసు. ఆ వచ్చే పట్టీ ఖరీదైన వాటికి రాదు మరిదీ, దుకాణంలో నిలబెట్టినవాటికే వస్తుంది. కావాలంటే చూడండి."

కవరు తీసి భుజాన వేసుకున్నాను. మా మరిది చేతిలోంచి రిమోటు తీసుకుని, షోరూము అమ్మాయి ఒకసారి చూపించినట్టే నొక్కుకుంటూ వెళ్ళాను. తెర అడిగింది, ఇల్లా, దుకాణమా అని. 'దుకాణం' మీద గుర్తు ఉంది. అందరూ చదివేదాకా ఆగి, అప్పుడు 'ఇల్లు' నొక్కాను. కళ్ళు జిగేలుమనిపించే ఆ వెలుగు తగ్గిపోయింది. లేళ్ళు మామూలు లేళ్ళయ్యాయి.

"వాడిన సరుకు కొనుక్కోవడం తప్పేం కాదు" అన్నాను, మా తోడికోడలి వైపు తిరిగి. ఈ మాటని రెండు రోజులుగా సానపట్టి ఉంచాను. "మాలాంటి వాళ్ళం అవే కొనుక్కుంటాం. కాకపోతే కొత్తదని చెప్పుకోం."

ఆ పళ్ళు కనబడటం ఆగిపోయింది. నేను కోరుకున్నది అదే. కానీ ఆ ముఖంలో తేలు కుట్టిన దొంగ చూపు కోసం వెతికాను, అది లేదు. తను నన్ను చూడటం లేదు. మొగుడి వైపు చూస్తోంది.

"ఏమండీ, డిస్‌ప్లే పీసు అంటే వాడేసిందేనా?"

మా మరిది నావైపు వచ్చి, నెమ్మదిగా అన్నాడు. "వదినా, పెట్టె టేపు వేసి వచ్చింది. టేపు నేనే కోశాను."

టేపు. ఆ వారం మా ఇంట్లో వంటింటి అలమారా మీద గోధుమరంగు టేపు చుట్ట ఒకటి ఉండటం నాకు గుర్తొచ్చింది. ఎందుకండీ అంటే, షాపుది, జేబులో ఉండిపోయింది అన్నాడు మా ఆయన. నేను దాంతో బుడ్డదాని పుస్తకాలకి అట్టలు కూడా వేశాను.

"ఎంతకి ఇచ్చాడు?" అన్నాను.

"కొత్తదాని ధర. స్టాఫు తగ్గింపు అయిపోయింది, ఇంకొన్నాళ్ళు ఆగితే ధర పెరుగుతుంది, ఇప్పుడే తీసుకో అన్నాడు అన్నయ్య. మొత్తం అన్నయ్య చేతికే ఇచ్చాను. బిల్లు తర్వాత తెస్తానన్నాడు."

నాకు ఆగమని. తమ్ముడికి ఆగొద్దని.

మా అత్తగారు చాపమీదికి చూస్తోంది. మా బుడ్డది నా మొహం చూసి నవ్వు ఆపేసింది. ఎవరు తీసిన గొయ్యిలో వాళ్ళే పడతారంటారు. నేను తీసిన గొయ్యిలో నా మొగుణ్ణి పడేశాను, అదీ సొంత తల్లి కళ్ళముందు, తమ్ముడి ఇంట్లో, పరాయి మనిషి చూస్తుండగా. నోరు మూసుకుని కవరు ఇచ్చి పోయి ఉంటే ఈ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. వాళ్ళు ఆ పట్టీని చూసి మురిసిపోతూ ఉండేవాళ్ళు. నేను కింద ఏడుస్తూ ఉండేదాన్ని. అందరం సుఖంగా ఉండేవాళ్ళం.

డాక్టరమ్మ బ్యాగు తీసుకుని లేచింది. మా తోడికోడలు వాకిలిదాకా వెళ్ళి, "నేను జీతంలో అడ్వాన్సు అడిగింది దీనికేనండీ" అంది చిన్నగా. డాక్టరమ్మ దాని భుజం తట్టి మెట్లు దిగిపోయింది.

తిరిగొచ్చి మా తోడికోడలు నా ఎదురుగా కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకూ నోరుంది, ఎలాగోలా నెట్టుకొచ్చేదాన్ని. తను అరవలేదు.

"బావగారిని మేం అడగలేదక్కా. టీవీ కొనాలని మాకు లేదు. ఆయనే వచ్చి చెప్పారు. నేను సరే అనేశాను. ఎందుకన్నానో చెప్పనా?"

నేను భుజం మీది కవరు సర్దుకున్నాను.

"నువ్వు క్యారేజీ ఇచ్చి వచ్చినప్పుడల్లా మెట్లమీద నిలబడి చెప్పేదానివి. రంగులు ఇలా ఉన్నాయి, బొమ్మ అలా ఉంది, మాకు రాబోతోంది అని. అసలు అప్పటికే అందరూ నీ దగ్గరే ఉండేవాళ్ళు. ఆ ఆకుపచ్చ బొమ్మే చూసుకుంటూ అత్తయ్య, బుడ్డది, చివరికి ఈయన కూడా ప్రెస్సు నించి వచ్చి ముందు కిందే కూర్చునేవాడు. నవ్వులు పైకి వినబడేవి. నేను ఇక్కడ ఒక్కదాన్నే అన్నం పెట్టుకుని తినేదాన్ని. నీకు ఆ పెద్దది కూడా వచ్చేస్తే ఇక మెట్లెక్కేవాళ్ళెవరు అనుకున్నాను. నీకంటే ముందు నా గోడమీద ఉండాలనుకున్నాను. కుళ్ళే అక్కా. నీమీద కుళ్ళు."

నాకున్న కుళ్ళు నా ఒక్కదాని ఆస్తి అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది మెట్లపైన కూడా ఒకరింట్లో ఉందని, నాకంటే ముందునించీ ఉందనీ నాకు తట్టలేదు. "నన్ను పిలవకపోయావా" అనబోయాను. పిలవాల్సింది నేనే కదా అని గుర్తొచ్చి ఆగిపోయాను.

మా అత్తగారు అప్పుడు తలెత్తింది. "రానీ వాణ్ణి" అంది. అంతే. ఆవిడ పెద్దకొడుకుని ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు.

కింద వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. మా బుడ్డది కిటికీ దగ్గరికి పరిగెత్తి నా కర్టెన్ పక్కకి లాగింది.

"అమ్మా, నాన్న. నాన్న టీవీ తెచ్చాడు. పెద్దది."

మేమందరం మెట్ల దగ్గరికి వచ్చాం. కింద గుమ్మంలో మా ఆయన. వెనక షాపు హమాలీలు ఇద్దరు, మధ్యలో నిలువుగా ఒక పెట్టె. ఆయన మొహం వెలిగిపోతోంది. పెళ్ళిలో కూడా అంత వెలగలేదు. ఆయన తలెత్తి నన్ను ఒక్కదాన్నే చూశాడు. నా వెనక ఎవరెవరున్నారో చూడలేదు.

"చూశావటోయ్, ఆగమన్నానా లేదా? ఈ పెద్ద సైజులో కొత్త మోడలు ఇవాళ దిగింది. నిన్నటిదాకా ముట్టుకోనివ్వని పాత మోడలు ధర పొద్దున్నకల్లా విరిగిపోయింది. మొదట తీసుకున్నవాణ్ణి నేనే. సీలు కూడా విప్పలేదు. ఎవరూ వాడింది కాదు, ఎవరి గోడమీదా ఉన్నది కాదు. నీకు కొత్తదే ఇవ్వాలనుకున్నాను."

ఇప్పుడు నాకంతా తెలిసిపోయింది. తమ్ముడి దగ్గర కొత్త ధర తీసుకుని, షాపుకి సగం కట్టి, మిగిలిన సగం దాచిపెట్టి, ధర విరిగే రోజు కోసం కాచుకుని కూర్చున్నాడు ఈ మనిషి. నాకు వాడిన సరుకు ఇవ్వడానికి మనసు రాలేదు. ఆ సరుకు తమ్ముడికి అంటగట్టడానికి మాత్రం వచ్చింది.

సిగ్గుతో చచ్చిపోవాల్సిన సమయం. నేను ఏం చేశానో దాచకుండా చెబుతాను. పెట్టె మీద చూపు పడగానే, అలవాటైన కన్ను కదా, కొలిచేసింది. పైన గోడమీద ఉన్నదానికంటే ఇది జానెడు పెద్దది. ఒక్క క్షణం, ఆ గొడవంతా మధ్యలో, నాకు ఒళ్ళంతా సంతోషం పాకింది. ఈ సాయంత్రం బుడ్డది నా చాపమీద కూర్చుంటుంది. అత్తగారు ఒక్క మెట్టూ ఎక్కక్కర్లేదు. పైనుంచి నవ్వులు రావు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నదంతా ఆ అట్టపెట్టెలో నిలువుగా నిలబడి ఉంది.

మా తోడికోడలు నన్ను దాటుకుని రెండు మెట్లు దిగింది.

"బావగారూ, ఆ పెట్టె పైకి తెప్పించండి. సీలు విప్పని టీవీ కొన్నది మేమే కదా. గోడమీది దాన్ని మీరు దించుకెళ్ళండి. దానికి కవరు అక్క ముందే కుట్టి ఉంచింది."

మా ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం తిరిగాయి. తమ్ముణ్ణి చూశాడు. తల్లిని చూశాడు. ఆఖరికి నా భుజం మీద ఉన్న నీలం కవరు దగ్గర ఆగాడు. ఆ గుడ్డ ఆయనకి తెలుసు. నేను దాని గోటు కుడుతున్నప్పుడు దారం ఎక్కించి ఇచ్చింది ఆయనే.

"నువ్వు చెప్పావా?" అన్నాడు నాతో.

వెనక ఉన్న హమాలీకి ఈ సంగతులేవీ తెలియవు. పెట్టె మీద పట్టు మార్చుకుని, మా ఆయన్ని కాకుండా సరాసరి నన్నే అడిగాడు.

"ఎక్కడికో తొందరగా చెప్పండమ్మా, చేతులు లాగేస్తున్నాయి. పైకా, కిందికా?"

మెట్లమీద ఉన్నవాళ్ళందరూ నావైపు తిరిగారు.